అంపైర్ లేని ఆట

స్థానిక టెన్నిస్ క్లబ్బులో రోజూ జరిగే ఆటకు అంపైర్ ఉండడు. గీతల దగ్గర నిలబడి చూసే లైన్ జడ్జీలూ ఉండరు. నెట్‌కు ఇవతల పడిన బంతి లోపల పడిందో బయట పడిందో ఇవతలివారే చెప్పాలి. అవతల పడినదాని సంగతి అవతలివారు చెప్పాలి. తన వైపు పడిన బంతి లోపలే పడిందని ఒప్పుకుంటే చాలాసార్లు పాయింటు చేజారిపోతుంది. అయినా ఆ మాట చెప్పాల్సింది తానే. కక్షిదారు, న్యాయమూర్తి ఒక్కరే అయిన ఏర్పాటు ఇది. క్లబ్బు టెన్నిస్‌లో మంచి నడవడిక అని చెప్పుకునేదంతా చాలావరకు ఇక్కడి నుంచే పుట్టింది.

పెద్ద టోర్నమెంట్లలో ఈ బరువు ఆటగాడి మీద లేదు. 2006లో యూఎస్ ఓపెన్, కెమెరాల సాయంతో లైన్ తీర్పును సవాలు చేసే వీలు కల్పించింది. 2025లో వింబుల్డన్ లైన్ జడ్జీలను పూర్తిగా పక్కనపెట్టి ఆ పనిని యంత్రాలకు అప్పగించింది. టీవీలో ఆట చూసి పెరిగే పిల్లలకు ‘అవుట్’ అన్న మాట ఎక్కడి నుంచో స్పీకర్లో వినిపిస్తుంది. అదే పిల్లలు సాయంత్రం క్లబ్బు కోర్టులో దిగితే ఆ మాట తమ నోటి నుంచే రావాలి, అదీ నిజాయితీగా రావాలి. ఇది దానంతట అది వచ్చే గుణం కాదు. సర్వీసు, ఫోర్‌హ్యాండ్ నేర్పినంత ఓపికగా దీన్నీ నేర్పాలి. శిక్షణలో దీనికి సమయం కేటాయించని క్లబ్బు సగం ఆటనే నేర్పుతున్నట్టు లెక్క.

నాందేడ్ లాంటి జిల్లా కేంద్రంలో దీని అవసరం ఇంకా ఎక్కువ. గోదావరి ఒడ్డునున్న ఈ ఊరు 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో ఉండి, రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణతో బొంబాయి రాష్ట్రంలో చేరి, 1960లో మహారాష్ట్రలో భాగమైంది. ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్, కిన్వట్ వైపు తెలుగు కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. నాందేడ్ రైల్వే డివిజన్ సికింద్రాబాద్ కేంద్రంగా నడిచే దక్షిణ మధ్య రైల్వేలోది. మరాఠీ, తెలుగు, ఉర్దూ, హిందీ, పంజాబీ వినిపించే ఊరు కాబట్టి ఇక్కడ ఒకే కోర్టు మీద నాలుగు భాషలవాళ్లు కలిసి డబుల్స్ ఆడటం వింత కాదు. కానీ ఊళ్లో టెన్నిస్ ఆడేవాళ్లు కొద్దిమందే. మహానగరంలో ఒక ఆటగాడితో పొసగకపోతే ఇంకొకరిని వెతుక్కోవచ్చు. ఇక్కడ ఇద్దరు సభ్యులు మాట్లాడుకోవడం మానేస్తే ఒక డబుల్స్ జట్టు చెదిరిపోతుంది. రెండు మూడు అలాంటి తగాదాలు చాలు, సాయంత్రం కోర్టు ఖాళీగా పడి ఉంటుంది. లోపలా బయటా అని ఇచ్చే ఒక్క తప్పుడు కాల్ ఇంత దూరం వెళ్తుందని చాలామంది ఊహించరు.

హైదరాబాద్ రాష్ట్రపు రోజుల్లో టెన్నిస్ చాలావరకు క్లబ్బుల్లో, కొద్దిమంది నడుమ నడిచిన ఆట. ఆ రాష్ట్రం నుంచి వచ్చిన సయ్యద్ మహమ్మద్ హాదీ 1924 పారిస్ ఒలింపిక్స్‌లో టెన్నిస్ ఆడారు, డేవిస్ కప్‌లో భారత్ తరఫున ఆడారు. రంజీ ట్రోఫీ మొదలైన 1934–35 సీజన్‌లోనే హైదరాబాద్ తరఫున మద్రాసుపై శతకం చేసి, ఆ పోటీల్లో తొలి శతకం తన పేరిట రాసుకున్నారు. ఇలా రెండు ఆటల్లోనూ రాణించే మనుషులను తయారుచేసిన ఆ క్లబ్బుల సంస్కృతిలో మంచీ ఉంది, ఒక చెడూ ఉంది. ఆ చెడు సంగతి కొంచెం తర్వాత వస్తుంది.

ముందు నియమాలు. చైర్ అంపైర్ లేని మ్యాచ్‌ల కోసం అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య ప్రత్యేకంగా కొన్ని పద్ధతులు రాసిపెట్టింది. వాటిలో అన్నిటికన్నా ముఖ్యమైనది: అనుమానం వస్తే పాయింటు ఎదుటివారిదే. బంతి స్పష్టంగా బయట పడటం కనిపిస్తేనే ‘అవుట్’ అనాలి. గీతకు తగిలిందేమో, తగల్లేదేమో అన్న ఊగిసలాట ఉంటే అది లోపలే. ‘సరిగ్గా కనిపించలేదు, మళ్లీ ఆడదాం’ అనడం చాలా క్లబ్బుల్లో మర్యాదగా చెలామణి అవుతోంది. నిజానికి అది మర్యాద కాదు. కనిపించలేదంటే అనుమానం ఉన్నట్టే, అనుమానం ఉంటే పాయింటు ఎదుటివారికి ఇచ్చేయాల్సిందే. మళ్లీ ఆడదామనడం వల్ల ఎదుటివారు న్యాయంగా గెలుచుకున్నదాంట్లో సగం తిరిగి లాక్కున్నట్టవుతుంది.

కాల్ వెంటనే, ఎదుటివారికి వినిపించేలా ఇవ్వాలి. బంతిని తిరిగి కొట్టి, అది నెట్‌కు తగిలాక ‘ఆ ముందుది అవుట్’ అనడం కుదరదు. ఒకసారి ‘అవుట్’ అన్నాక బంతి లోపలే పడిందని తెలిస్తే, తొందరపడినవారే వెంటనే తప్పు ఒప్పుకుని సరిదిద్దుకోవాలి. గొంతు బలంగా లేనివారు చేయి పైకెత్తి వేలు చూపినా సరిపోతుంది. డబుల్స్‌లో ఒక భాగస్వామి అవుట్ అని, రెండోవారు లోపల అంటే ఆ బంతి లోపలిదే. పక్కన కూర్చుని చూసేవారిని సాక్ష్యం అడగకూడదు, వాళ్లు అడగకుండా చెప్పకూడదు. నెట్ తాకినా, బంతి రెండోసారి నేలను తాకాక కొట్టినా, ఒంటికి బంతి తగిలినా ఆ సంగతి ఎదుటివారికి కనిపించకపోవచ్చు. తాకినవారికి మాత్రం తప్పకుండా తెలుస్తుంది. కాబట్టి వాళ్లే చెప్పాలి.

మట్టి కోర్టుది మరో తీరు. దక్కన్ ఊళ్లలో పాత కోర్టులు ఎక్కువగా మొరమో మట్టో పరిచి, నీళ్లు చల్లి, రోలర్ తిప్పి చదును చేసినవే. బంతి పడిన చోట గుర్తు మిగులుతుంది. అవుట్ అన్నవారిని ఆ గుర్తు చూపించమని అడగవచ్చు. అడిగితే చూపించాలి. మామూలుగా ఎదుటి వైపుకు వెళ్లకూడదు, కానీ గుర్తు చూడటానికి నెట్ దాటి వెళ్లే హక్కు ఆటగాడికి ఉంది. ఎవరైనా గుర్తును కాలితో చెరిపేస్తే కాల్‌ను వదులుకున్నట్టే. అయితే ర్యాలీ మధ్యలో మూడు షాట్ల కిందటి గుర్తు చూపించమంటే చెల్లదు. పాయింటు అక్కడితో ముగిసి ఉండాలి, లేదా ఆట అక్కడే ఆపి ఉండాలి. సున్నంతో గీసిన గీత మీద బంతి పడితే తెల్లటి పొడి లేస్తుంది కాబట్టి అక్కడ వివాదం తక్కువ. చాలా రోజులుగా గీతలు మళ్లీ గీయని కోర్టులోనే తగాదాలు ఎక్కువ. వారానికి కొంచెం సున్నం తెప్పిస్తే తగ్గే గొడవలు కొన్ని ఉన్నాయని క్లబ్బు కార్యదర్శులు గుర్తించడం మంచిది.

మట్టి మీది గుర్తుకు సంబంధించి టెన్నిస్ లోకం మరిచిపోని ఘటన 2005లో రోమ్‌లో జరిగింది. అమెరికా ఆటగాడు ఆండీ రాడిక్ స్పెయిన్‌కు చెందిన ఫెర్నాండో వెర్డాస్కోపై మ్యాచ్ పాయింట్ మీద ఉన్నాడు. వెర్డాస్కో రెండో సర్వీసు అవుట్ అని లైన్ జడ్జి చెప్పాడు. అంటే డబుల్ ఫాల్ట్, మ్యాచ్ రాడిక్‌దే. రాడిక్ నేల మీది గుర్తు చూపించి బంతి లోపలే పడిందని తానే చెప్పాడు. ఆట కొనసాగింది. చివరికి వెర్డాస్కో గెలిచాడు. 1982 ఫ్రెంచ్ ఓపెన్ సెమీ ఫైనల్లో పదిహేడేళ్ల స్వీడన్ కుర్రాడు మాట్స్ విలాండర్ కూడా ఇలాగే, ప్రత్యర్థి క్లెర్క్‌పై గెలిచినట్టు అంపైర్ ప్రకటించాక, ఆ పాయింటు మళ్లీ ఆడదామన్నాడు. మళ్లీ ఆడి గెలిచాడు, ఆ టైటిల్ కూడా అతనిదే అయింది. అంతకు చాలా ముందు, 1935 డేవిస్ కప్‌లో జర్మనీ ఆటగాడు గాట్‌ఫ్రీడ్ ఫాన్ క్రామ్ అమెరికాతో డబుల్స్ ఆడుతున్నాడు. మ్యాచ్ పాయింట్ మీద భాగస్వామి గెలుపు షాట్ కొట్టాడు. ఆ బంతి అంతకుముందు తన రాకెట్‌ను తాకిందని, ఎవరూ చూడకపోయినా, క్రామ్ అంపైర్‌కు చెప్పాడు. జర్మనీ ఆ మ్యాచ్ ఓడింది.

ఈ ముగ్గురిలో ఇద్దరు ఓడిపోయారు. నిజం చెప్పినవాడికి గెలుపు దక్కుతుందన్న హామీ ఈ ఆటలో లేదు. పిల్లలకు ఈ కథలు చెప్పేటప్పుడు ఆ సంగతి దాచకూడదు.

ఇక ఇందాక ప్రస్తావించిన చెడు. జిల్లా కేంద్రాల్లో పాత క్లబ్బులు చాలావరకు అధికారుల క్లబ్బులుగా మొదలయ్యాయి. ఈనాటికీ కోర్టులో ఒక వైపు పెద్ద అధికారి, మరో వైపు ఆయన కింద పనిచేసేవారు ఉండవచ్చు. డాక్టరు, ఆయన దగ్గరే చూపించుకునే రోగి ఉండవచ్చు. సీనియర్ వకీలు, ఆయన జూనియర్ ఉండవచ్చు. అప్పుడు పెద్దవారి బంతి బయట పడదు. జానెడు దూరంలో పడినా ‘సార్, గుడ్ షాట్’ అనేస్తారు. ఇది గౌరవంలా కనిపిస్తుంది కానీ ఆటను లోపలి నుంచి తినేస్తుంది. ఎదుటివారి లోపలి బంతిని అవుట్ అనడం ఎంత తప్పో, బయటి బంతిని లోపల అనడం కూడా అంతే తప్పు. అందులో పెద్దవారికి జరిగే అవమానం కూడా ఉంది. ఆయన నిజంగా గెలవగలడో లేదో తెలుసుకునే అవకాశం ఆయనకు లేకుండా పోతుంది. కోర్టు బయట హోదా హోదాయే, గౌరవం గౌరవమే. గీతలు మాత్రం అందరికీ ఒక్కటే.

దీన్ని సరిచేయాల్సింది పైవారే. చిన్నవారు సంకోచిస్తే ‘అది బయట పడింది, పాయింటు మీదే’ అని పెద్దవారే ఒకసారి చెబితే చాలు. ఆ రోజు నుంచి ఎదుటివారి నోరు తెరుచుకుంటుంది. పన్నెండేళ్ల పిల్ల అరవై ఏళ్ల సభ్యుడితో ఆడుతూ ‘కాకా, అవుట్’ అని బెదరకుండా అనగలిగితే ఆ క్లబ్బు ఆరోగ్యంగా ఉన్నట్టే. పిల్ల ఆ మాట అన్నప్పుడు ‘సరిగ్గా చూశావా?’ అని గద్దించే పెద్దలు ఉన్నచోట పిల్లలు రెండు పాఠాల్లో ఏదో ఒకటి నేర్చుకుంటారు: భయపడటం, లేదా పెద్దయ్యాక తామూ అలాగే గద్దించడం.

స్కోరు విషయంలో గొడవలు సులభంగా తప్పించుకోవచ్చు. ప్రతి పాయింటుకు ముందు సర్వీసు చేసేవారు స్కోరు గట్టిగా చెప్పాలి. ‘ఫిఫ్టీన్ థర్టీ’ అన్న ఆ రెండు ముక్కలు వినిపిస్తే ఎదుటివారికి అభ్యంతరం ఉంటే అప్పుడే బయటపడుతుంది. గేమ్ ముగిశాక తవ్వుకోవాల్సిన పని ఉండదు. అయినా మరిచిపోతే ఇద్దరికీ గుర్తున్న పాయింట్లను లెక్కపెట్టి, ఇద్దరూ ఒప్పుకున్నచోటి నుంచి ఆడుకోవాలి.

ఆట నడిచే వేగం సర్వీసు చేసేవారి ఇష్టం, కానీ ఎదుటివారు సిద్ధంగా లేకుండా బంతి వేయకూడదు. అలాగని అవతలివారు కాలయాపన చేయడానికీ వీల్లేదు, సర్వీసు చేసేవారి సహేతుకమైన వేగానికి తగ్గట్టు వాళ్లు సిద్ధమవ్వాలి. పాయింటుకూ పాయింటుకూ మధ్య 25 సెకన్లు, వైపులు మారేటప్పుడు 90 సెకన్లు నిబంధనల్లో ఉన్న గడువు. ఓడిపోతున్నప్పుడు షూ లేసులు పదేపదే కట్టుకోవడం, గెలుస్తున్నప్పుడు తొందరపెట్టడం అందరూ గమనిస్తారు. బంతి అవతలివారి వైపు మిగిలిపోతే దాన్ని నెట్ దగ్గరికో సర్వీసు చేసేవారి చేతికో చేరేలా పంపాలి, విసురుగా ఎటో కొట్టి వాళ్లను పరుగెత్తించకూడదు. పక్క కోర్టులోకి బంతి దొర్లితే అక్కడి పాయింటు ముగిసేదాకా ఆగాలి. ఆట నడుస్తున్న కోర్టు వెనుక నుంచి నడిచి వెళ్లకూడదు. పక్క కోర్టు బంతి తమ కాళ్ల కిందికి వస్తే వెంటనే ‘లెట్’ అని ఆపి పాయింటు మళ్లీ ఆడాలి. అందులో మర్యాదకన్నా ప్రమాద నివారణ ముఖ్యం, పరుగులో బంతి మీద కాలు పడితే చీలమండ మెలికపడుతుంది.

నాందేడ్ ఎండకు ఈ ఆటలో పెద్ద పాత్ర ఉంది. వేసవిలో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది కాబట్టి ఆట తెల్లవారుజామునా సాయంత్రం చివరనా మాత్రమే. వానాకాలంలో మట్టి కోర్టు రోజుల తరబడి ఆరదు. అందుకే దొరికే గంటలు కొన్నే, వాటి కోసం ఎదురుచూసేవారు ఎక్కువ. బయట నలుగురు కూర్చుని ఉన్నప్పుడు సింగిల్స్ లాగుతూ పోవడం సరికాదు. ఒక సెట్‌తో ముగించి కోర్టు ఇవ్వాలి, లేదా ఇద్దరిని పిలిచి డబుల్స్ చేసుకోవాలి. వచ్చిన క్రమం ఒక పలక మీద రాసి, అదే పాటించాలి. క్రమం తప్పించి ముందుకు చొరబడినది అధ్యక్షుడైనా సరే, పలక మీదున్న పేరే చెల్లాలి. చీకటి పడుతున్నప్పుడు బంతి ఆచూకీ తెలియదు, అనుమానాలు పెరుగుతాయి. అలాంటి వేళ స్కోరు సమానంగా ఉన్నప్పుడు ఆపుకుని మర్నాడు కొనసాగించడం ఇద్దరికీ మేలు. తడి నేల మీద బూట్లతో దిగి గుంటలు పడేలా తొక్కినవారు తర్వాత ఆడే అందరి బంతినీ పాడు చేసినట్టే. అడ్డదిడ్డంగా లేచే బంతికి నేలనే తిట్టుకుంటారు కానీ ఆ నేల అలా అవడానికి వారం కిందట ఎవరు దిగారన్నది ఎవరికీ గుర్తుండదు.

కోర్టుకు నీళ్లు చల్లి, గీతలు గీసి, నెట్ ఎత్తి కట్టి, సభ్యులకు జోడీ దొరకనప్పుడు తానే రాకెట్ పట్టుకుని ఆడే మనిషిని క్లబ్బుల్లో మార్కర్ అంటారు. చాలామంది మార్కర్లు ఆ ఊరి సభ్యులందరికన్నా మంచి ఆటగాళ్లు. పక్కనే బంతులు అందించే కుర్రాళ్లు ఉంటారు, వాళ్లలో బడికి వెళ్లే వయసువాళ్లూ ఉండవచ్చు. ఒక సభ్యుడి నడవడిక ఎలాంటిదో తెలియాలంటే సాటి సభ్యులతో ఎలా మాట్లాడుతున్నాడని కాదు, మార్కర్‌తోనూ బంతి అందించే పిల్లవాడితోనూ ఎలా మాట్లాడుతున్నాడని చూడాలి. పేరు పెట్టి పిలవడం, బంతి చేతికి అందేలా వేయడం, డబ్బులు నెలాఖరుకు ఆపకుండా ఇవ్వడం, ఎండలో నిలబెట్టినప్పుడు మంచినీళ్లు ముందు వాళ్లకు అందేలా చూడటం పెద్ద పనులేమీ కావు. వాళ్లు బడి వేళ కోర్టులో ఉండకుండా చూడటం మాత్రం పెద్ద పనే, అది క్లబ్బు చేయాల్సిందే.

కోపం విషయానికి వస్తే నిబంధనలు కఠినంగానే ఉన్నాయి. రాకెట్ విసరడం, బంతిని కసిగా కొట్టడం, బూతులు మాట్లాడటం టోర్నమెంట్లో ఉల్లంఘనలే. మొదట హెచ్చరిక, తర్వాత పాయింటు కోత, ఆ తర్వాత ఇంకా పెద్ద శిక్ష. 1990 ఆస్ట్రేలియన్ ఓపెన్లో జాన్ మెకన్రోను మ్యాచ్ నడుస్తుండగానే పంపించేశారు. 1995 వింబుల్డన్ డబుల్స్‌లో టిమ్ హెన్మన్ కోపంతో కొట్టిన బంతి బంతులందించే అమ్మాయికి తగిలింది. అతణ్ణి, భాగస్వామినీ పోటీ నుంచి తప్పించారు. 2020 యూఎస్ ఓపెన్లో నొవాక్ జొకోవిచ్ వెనక్కి తోసిన బంతి లైన్ జడ్జి గొంతుకు తగిలింది. తగలాలని కొట్టలేదని అందరూ ఒప్పుకున్నా అతను ఆ టోర్నమెంట్ నుంచి నిష్క్రమించాల్సి వచ్చింది. ఉద్దేశం ఏమిటన్నదానికన్నా బంతి ఎవరికి తగిలిందన్నదే అక్కడ చూస్తారు. క్లబ్బుల్లోనూ ఇదే కొలత పెట్టుకోవాలి, ఎందుకంటే చిన్న కోర్టుల చుట్టూ పిల్లలు తిరుగుతూనే ఉంటారు.

డబుల్స్‌లో కోపం మరో రూపంలో బయటపడుతుంది. భాగస్వామి బంతి నెట్‌కు కొడితే నిట్టూర్చడం, చేతులు చాచి ఆకాశం వైపు చూడటం, ‘అది నాకు వదిలేయాల్సింది’ అనడం. అలా అన్నాక ఆ భాగస్వామి ఆట మెరుగుపడటం ఎప్పుడూ జరగదు. అతను తరువాతి బంతికి భయపడి మెల్లగా కొడతాడు, అదీ పోతుంది. గట్టి ఆటగాడు బలహీనుడితో జత కట్టినప్పుడు తన షాట్లు ఎంత బాగున్నాయన్నదానికన్నా, పక్కనున్నవాడు ధైర్యంగా ఆడుతున్నాడా అన్నదాని మీదే ఆ జోడీ గెలుపు ఆధారపడి ఉంటుంది.

జూనియర్ పోటీల్లో అన్నిటికన్నా పెద్ద సమస్య కంచె బయట ఉంటుంది. రాష్ట్ర, జాతీయ స్థాయి పిల్లల టోర్నమెంట్లలో తొలి రౌండ్లలో ప్రతి కోర్టుకూ చైర్ అంపైర్ ఉండరు. ఒక అధికారి కొన్ని కోర్టుల మధ్య తిరుగుతూ ఉంటారు. పిల్లలే కాల్స్ ఇచ్చుకుంటారు. కంచెకు ఆనుకుని నిలబడ్డ తల్లిదండ్రులు సైగలు చేస్తే, గీత దగ్గర పడిన ప్రతి బంతికీ ‘అవుట్’ అని గొణిగితే పిల్లవాడు తన కళ్లను నమ్మడం మానేస్తాడు. రైలు ఎక్కి, సెలవు పెట్టి, హోటల్ గది తీసుకుని వచ్చిన తల్లిదండ్రులకు ఆ గెలుపు ఎంత ముఖ్యమో అర్థం చేసుకోవచ్చు. కానీ తప్పుడు కాల్‌తో గెలిచిన పిల్లవాడికి ఆ ఊరి టెన్నిస్‌లో పేరు పడుతుంది. తర్వాత ఎన్నేళ్లు ఆడినా అతనితో ఆడే ప్రతివాడూ అతని ప్రతి కాల్‌నూ అనుమానంగా చూస్తాడు. తల్లిదండ్రులు కొంచెం దూరంగా కూర్చోవాలని నిర్వాహకులు ముందే చెప్పి, ఆ కుర్చీలు అక్కడ వేయడం మంచి పద్ధతి. మ్యాచ్ అయ్యాక పిల్లలిద్దరూ నెట్ దగ్గర చేతులు కలిపేదాకా ఏ తల్లీ తండ్రీ కోర్టులోకి రాకూడదు. ఓడిన పిల్లవాడు ఏడుస్తూ చేయి కలిపినా ఫరవాలేదు, కలపాలి.

ఎదుటివారు పదేపదే తప్పుడు కాల్స్ ఇస్తున్నారనిపిస్తే ఏం చేయాలన్నది మిగిలిన ప్రశ్న. ప్రతీకారంగా తానూ తప్పుడు కాల్ ఇవ్వడం చాలామంది చేసే పని, అన్నిటికన్నా చెడ్డ పని. మొదట ‘సరిగ్గా చూశారా?’ అని ఒకసారి మర్యాదగా అడగవచ్చు. చూశానంటే ఒప్పుకుని ఆడాలి. మళ్లీ మళ్లీ జరిగితే టోర్నమెంట్లో అయితే రిఫరీని పిలిపించుకోవడం ఆటగాడి హక్కు. అది ఫిర్యాదు చేసినట్టు కాదు, సిగ్గుపడాల్సిన పని కాదు. క్లబ్బు ఆటలో అయితే ఆట మధ్యలో గొంతు పెంచకుండా ముగించి, తర్వాత కమిటీలో ఒకరికి చెప్పాలి. కమిటీ వారు ఆ సభ్యుడితో విడిగా, ముఖాముఖి మాట్లాడాలి. వాట్సాప్ గ్రూపులో పెడితే అది తీర్పు కాకుండా పంచాయితీ అవుతుంది. మాట్లాడినా మారకపోతే కొన్ని వారాలు అంతర్గత పోటీల నుంచి పక్కనపెట్టవచ్చు. కొత్తగా చేరిన విద్యార్థికీ, కోర్టు లైట్లకు విరాళమిచ్చిన సభ్యుడికీ ఆ కొలత ఒకటే అయి ఉండాలి. నియమాలు ఇంగ్లీషులో అచ్చువేసి ఆఫీసు గోడకు తగిలించడం కన్నా, ఊళ్లో మాట్లాడే మరాఠీ, తెలుగు, హిందీ, ఉర్దూల్లో రాయించి కోర్టు గేటు దగ్గర పెట్టడం ఉపయోగం. కొత్త సభ్యుడు చేరిన రోజునే ఎవరైనా పాత ఆటగాడు అతనితో ఒక సెట్ ఆడి, కాల్స్ ఎలా ఇవ్వాలో ఆడుతూనే చూపించాలి.